మా వాడ ముచ్చట – 17: గొంతు బాగలేదని ఎవడన్నడు?



ఇయ్యాల ముచ్చట నా మీద నేనే ఫిర్యాదు రాసుకున్నట్టు ఉంటది. నా ఫోన్ల పదకొండు రికార్డింగులున్నయి. ఒక్కోటి పదిహేను, ఇరవై నిమిషాలు. సిలబస్‌ల లేనివి, పోరగాళ్లు క్లాసు అయినంక వరండాల నిలబెట్టి అడిగితే చెప్పినవి. రెండేండ్ల సంది పాడ్‌కాస్ట్ పెడుత, పెడుత అంటున్న. ఇప్పటిదాంక ఒక్కటి బయటికి రాలె.

నేనొక్కన్నే కాదు. గోదావరిఖనిల స్టాఫ్ నర్సు అక్క ఉన్నది, నైట్ డ్యూటీల చూసినవి చెప్పితే మన ఆడోళ్లకు సగం రోగాల భయం పోతది. బెల్లంపల్లిల లాయర్ తమ్ముడు ఉన్నడు, అట్రాసిటీ కేసు ఎక్కడ నీరుగారుతదో వానికి తెలిసినంత ఎవరికి తెల్వది. జగిత్యాల దిక్కు బడిల లెక్కల సారు ఉన్నడు. అందరు ఏప్రిల్ 14కు మైకు పట్టుకుంటే ఇడువరు. ఏప్రిల్ 15కు అందరి నోర్లకు తాళం. "అన్నా, ఒక పాడ్‌కాస్ట్ పెట్టరాదె" అంటే అందరు ఒక్కటే వరుసల చెప్తరు: మైకు లేదు, టైం లేదు, గొంతు బాగలేదు, నౌకరికి ఇబ్బంది, అయినా ఎవడు వింటడు?

ఈ అయిదు మాటలను ఒక్కొక్కటి పట్టి చూద్దాం. ఏది నిజమైన అడ్డమో, ఏది మనం మోసుకొని తిరుగుతున్న బరువో తేలాలె.

మైకుది జల్ది తేలిపోతది. మీ చేతుల ఉన్న ఫోన్ చాలు. చెవుల పెట్టుకునే వైరుకు ఉన్న చిన్న మైకు చాలు. గది గోడలకు మాట తాకి మోగుతుందా, కిటికీలకు దుప్పట్లు కట్టుండ్రి, బట్టల బీరువా తలుపు తెరిచి దాని ముంగట కూసోండ్రి. కోసి అతికేటందుకు అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగ దొరుకుతది. ఇరవై నిమిషాల మాటను 64 కేబీపీఎస్ మోనోల పెడితే పది ఎంబీ లోపలనే ఉంటది, డేటా ప్యాక్ తక్కువున్న పోరడు గూడ దించుకోవచ్చు. పెండ్లి బరాత్ డీజేకు చందా లేసినంత సులువుగ ఈ ఖర్చు ఎల్లిపోతది. మైకు లేదన్నది సాకు. దాని కింద ఇంకోటి దాక్కొని ఉన్నది.

అది గొంతు. ఇక్కడ కొంచెం ఆగుదాం.

పరిశోధన చేసే రోజుల్ల నన్ను ఒక రికార్డింగుకు పిలిచిన్రు. ఏ సంస్థో చెప్ప, అవసరం లేదు. నేను "వచ్చిన్రు" అన్న. అద్దం అవతల ఉన్నాయన బటన్ నొక్కి "వచ్చారు అనండి" అన్నడు. మళ్ల "వచ్చిన్రు" అనే వచ్చింది. మూడోసారి ఆయన మర్యాదగనే అన్నడు: "మీ గొంతు మైకుకు సరిపడదేమోనండి." తెలుగుల డాక్టరేట్ చేస్తున్నోన్ని, ఇంటికి బస్సుల వస్తుంటే పక్క సీటాయనతోని మాట్లాడాలన్నా నోరు రాలె. ఇప్పటికి రికార్డు బటన్ నొక్కంగనే నా నాలుక దానంతట అదే "వచ్చారు" దిక్కు మర్లుతది. నా పదకొండు రికార్డింగులు విని చూసుకున్న. ఎనిమిదింట్ల మాట్లాడింది నేను కాదు, అద్దం అవతలాయన.

ముందుగాల సైన్సు మాట ఒకటి. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు గాలి తొవ్వల ఒకటి, పుర్రె ఎముకల తొవ్వల ఒకటి, రెండు దిక్కుల నుంచి వినిపిస్తది. ఎముకల తొవ్వ గొంతును బరువుగ, నిండుగ చేస్తది. రికార్డింగుల ఆ తొవ్వ ఉండది. అందుకే ఎవని గొంతు వానికి సన్నగ, పరాయిగ వినిపిస్తది. ఇది అందరికి ఉన్నదే. కాని అగ్రకులపోడు ఆ గొంతు విని "అలవాటైతదిలే" అనుకుంటడు, మనం "నాకు పనికిరాదు" అనుకుంటం. తేడా చెవిల లేదు, చెవికి నేర్పిన చదువుల ఉన్నది.

ఇగ చరిత్ర మాట. ఊర్ల సాటింపు ఎవరేసేది? డప్పు మెడల ఏసుకొని వాడవాడ తిరిగి, గల్లీ మలుపుల నిలబడి, ఊరంతటికి వినబడేటట్టు ఒర్లింది ఎవరు? మా తాతలు. గత్తర వచ్చినా, జాతర వచ్చినా, పన్ను కట్టుమని తాకీదు వచ్చినా ఊరికి చెప్పింది మాదిగోని గొంతే. గొంతు బాగలేదని ఆ రోజు ఏ దొర అనలె. ఎందుకంటే గొంతు మాదే అయినా మాట దొరది, పటేల్‌ది, పట్వారిది. మన మాట మనం చెప్పుకుంటం అన్న రోజు నుంచే గొంతుకు వంకలు మొదలైనయి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల మొదలైన ఉద్యమానికి "దండోరా" అనే పేరు ఊరికెనే రాలె. అదే డప్పు, అదే ఒర్లుడు, మాట మాత్రం సొంతది.

చిందోళ్లు రాత్రంత ఆడి చెప్పిన జాంబపురాణం, గోండు గూడాలల్ల తోటీలు కిక్రి వాయించుకుంట గుర్తు పెట్టుకొని చెప్పిన వంశ కథలు, ఇవన్ని గొంతు మీదనే బతికినయి. కాయితం మనకు నిన్న మొన్న వచ్చింది. చెవి, నోరు వేల ఏండ్ల సంది ఉన్నయి. అసొంటి జాతుల పిల్లలం పీహెచ్‌డీలు చేసి, మైకు ముంగట కూసొని సిగ్గుపడుతున్నం. ఈ సిగ్గు మనది కాదు, మనకు అంటించింది. యాస మార్చుకోకుండ్రి. మాట తెలిసేటట్టు చెప్పుండ్రి, గంతే.

మూడోది నౌకరి. ఇది ఉత్త సాకు అని నేను అనను. కాని ఈ భయానికి మనకంటె ముందు జవాబు చెప్పినాయన ఉన్నడు.

1920 జనవరి 31న "మూక్‌నాయక్" మొదటి సంచిక వచ్చింది. అప్పటికి బాబాసాహెబ్ ఏం చేస్తున్నడు? బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీల ప్రొఫెసర్. సర్కారు కాలేజీ. నా లెక్కనే హాజరు పట్టీ, జీతం, పైన ప్రిన్సిపాల్. ఆ కొలువుల ఉండుకుంట బాజాప్తగ సంపాదకుడు అనిపించుకునుడు కుదరది. ఆయన పత్రికను ఆపలె. పాండురంగ నందరాం భట్కర్ అనే మహర్ యువకుని పేరు సంపాదకునిగ పెట్టిండు. మాట బాబాసాహెబ్‌ది, పేరు భట్కర్‌ది. కొల్హాపూర్ షాహూ మహారాజ్ 2,500 రూపాయల సాయం ఇచ్చిండు. పైసలిస్తం, ప్రకటన ఏసుకోండ్రి అంటే గూడ "కేసరి" పత్రిక ఏసుకోలె. ఇంత అడ్డం ఉన్నా పత్రిక వచ్చింది. మన నిజాం రాజ్యంల 1931ల భాగ్యరెడ్డివర్మ "భాగ్యనగర్" పత్రిక తెచ్చిండు. వాళ్లెవరు పరిస్థితి మంచిగయ్యేదాంక ఆగలె.

ఇప్పుడు నియమాలు చూద్దాం. 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిల ఎనిమిదో నిబంధన ఒకప్పుడు, రేడియోల మాట్లాడాలన్నా పత్రికకు రాయాలన్నా అనుమతి తీసుకో అనేది. అప్పుడు గూడ అదే నిబంధన, పూర్తిగ సాహిత్యం, కళ, శాస్త్రం గురించి అయితే అనుమతి అక్కర లేదు అనేది. తొమ్మిదో నిబంధన సర్కారు విధానాల మీద విమర్శ వద్దంటది. మన రాష్ట్ర ఉద్యోగుల నియమావళి గూడ 1964దే. దాన్ని తెచ్చుకొని, మీ సర్వీసుకు ఏం రాసి ఉన్నదో సొంతంగ చదువుండ్రి. చదవకుంట భయపడుడు మనకు అలవాటైంది. స్టాఫ్‌రూంల పక్క కుర్చీల కూసునే సారు ప్రతి ఏకాదశికి యూట్యూబ్‌ల ప్రవచనం పెడుతడు. ఆయనకు రాని భయం నాకెందుకు వస్తున్నది? అదే నియమావళి, అదే జీతం. భయం పుస్తకంల ఉంటే ఇద్దరికి రావాలె.

కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల సంగతి వేరు. వచ్చే ఏడాది రెన్యువల్ ఒక్క ఫోన్ కాల్ మీద ఆగిపోతది. వాళ్లను "ధైర్యం లేదు" అని అనే హక్కు నెల జీతం వచ్చే నాకు లేదు. వాళ్లకు భట్కర్ తొవ్వ ఉన్నది. పేరు చెప్పకుండ్రి, గొంతు గూడ మీదే కానక్కర లేదు. మీరు రాసియ్యుండ్రి, ఇంకొకరు చదువుతరు. 1978ల కాన్షీరాం బామ్‌సెఫ్ పెట్టినప్పుడు లెక్క ఇదే. ఉద్యోగి రోడ్డు మీదికి రాలేకపోతే తెలివి, టైం, పైసలు ఇయ్యాలె. ఏదీ ఇయ్యకుంట రిజర్వేషన్ ఫలం ఒక్కటి తిని కూసునుడు కుదరది.

నాలుగోది టైం. ఇది మొగోళ్లు చెప్పితే నేను నమ్మ. ఆదివారం క్రికెట్‌కు, వాట్సాప్ గ్రూపుల లొల్లికి మనకు బోలెడంత టైం ఉన్నది. నెలకు రెండు, ఒక్కోటి పదిహేను నిమిషాలు, గంతే అడుగుతున్న. కాని మా ఆడ లెక్చరర్లు, నర్సులు, టీచర్లు టైం లేదంటే అది నిజం. డ్యూటీ దిగి ఇంటికి పోతే ఇంకో డ్యూటీ. దానికి తోడు, ఆడామె నోరు తెరిస్తే కింద కామెంట్లల్ల కులం, శరీరం రెండు కలిపి తిట్టే మంద ఒకటి తయారుగ ఉంటది. అందుకే అన్నలకు ఒక మాట: ఉపన్యాసం ఇచ్చే ముందు ఇంట్ల గిన్నెలు తోముండ్రి. అక్కల ఎపిసోడ్ కింద కామెంట్లు మూసుండ్రి, లేకుంటే వాటిని చూసే పని మీరు నెత్తిన పెట్టుకోండ్రి. ఆమెకు గంట మిగిలితే మనకు ఒక ఎపిసోడ్ వస్తది.

అయిదోది, ఎవడు వింటడు?

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్ యాది చేసుకోండ్రి. 2008 అక్టోబర్ 15న అక్కడ సంఘం రేడియో మొదలైంది. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, దళిత ఆడబిడ్డలు. ఆ తారీఖు వెనుక ఇంకో కథ ఉన్నది. గాలి తరంగాలు ప్రజల సొత్తు అని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది. అయినా ఊరోళ్ల సంఘాలకు రేడియో పెట్టుకునే విధానం 2006 దాంక రాలె. ఆ ఏండ్లల్ల డీడీఎస్ సంఘాల ఆడోళ్లు చేతులు కట్టుకొని కూసోలె. విత్తనాల ముచ్చట్లు, పాటలు, మందు మాకులు క్యాసెట్లల్ల రికార్డు చేసుకుంటనే పోయిన్రు, సంఘాల మీటింగులల్ల టేప్‌రికార్డర్ పెట్టి వినిపిచ్చిన్రు. లైసెన్సు లేదు, ప్రసారం లేదు, పని మాత్రం నడిచింది. మనకిప్పుడు లైసెన్సే అక్కర లేదు. అయినా ఆగినం. వాళ్లకు, మనకు తేడా చదువు అని చెప్పాల్సొస్తే తలకాయ దించుకోవాలె.

సిగ్నల్ లేని గూడాలకు ఎట్ల అంటరా? పక్క ఛత్తీస్‌గఢ్‌ల 2010 సంది సీజీనెట్ స్వర నడిచింది. మామూలు ఫోన్ నుంచి నంబర్ కొడితే గోండిల చెప్పుకోవచ్చు, వినవచ్చు, ఇంటర్నెట్ తోని పని లేదు. ఆదిలాబాద్ ఆకాశవాణిల గోండి విని మురిసినోళ్లు ఉట్నూర్ దిక్కు ఉన్నరు. వినేటోళ్లు లేరన్నది అబద్ధం, వాళ్ల భాషల చెప్పేటోళ్లు తక్కువ.

వినుడుతోని ఏమొస్తది అంటే ఒక్క ఉదాహరణ. అట్రాసిటీ చట్టానికి 2015ల సవరణ వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమలైంది. దాంట్ల 15ఎ సెక్షన్ ఉన్నది. కేసుల ప్రతి విచారణ సంగతి, బెయిల్ విచారణతో సహా, బాధితునికి ముందుగాల తెలియజెయ్యాలె. బెయిల్ ఇచ్చే ముందు బాధితుని మాట వినాలె. ఇది తెల్వక మన అవ్వలు ఎంతమంది, దెబ్బలు కొట్టినోడు బజార్ల ఎదురొచ్చినప్పుడే వానికి బెయిల్ వచ్చిందని తెలుసుకున్నరో. నా లాయర్ తమ్ముడు దీన్ని పదిహేను నిమిషాలు మన మాటల చెప్పితే, వెయ్యి మంది వినకున్నా పర్వా లేదు. వినాల్సిన ఒక్క అవ్వ విని, తారీఖు నాడు కోర్టుకు పోయి "నా మాట వినుండ్రి" అంటే చాలు. వ్యూస్ లెక్కవెట్టేది యాపారం. మనం లెక్కవెట్టాల్సింది ఆ అవ్వను.

ఉద్యమ మిత్రులు కొందరు అంటరు, పాడ్‌కాస్ట్ పెద్దోళ్ల షోకు, ఆ వేదికలన్ని కంపెనీలవి అని. కంపెనీలవే, నిజం. ఈ ముచ్చట చదువుతున్నది గూడ ఒక కంపెనీ గోడ మీదనే. అందుకే ప్రతి రికార్డింగు ఒక కాపీ మన దగ్గర ఉంచుకోవాలె, ఫోన్ నుంచి ఫోన్‌కు పంపాలె, హాస్టల్‌ల స్పీకర్ పెట్టి నలుగురు కలిసి వినాలె. వేదిక మూసినా క్యాసెట్ మిగలాలె, సంఘం ఆడోళ్లు చేసిన పనే అది. కాని వేదిక వాళ్లదని మనం నోరు మూసుకుంటే, మన గురించి గూడ వాళ్లే మాట్లాడుతరు.

విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఆఖరు మాట మీకే. మీ సార్లు, మీ అక్కలు వాళ్లంతట వాళ్లు మొదలుపెట్టరు. రెండేండ్ల సంది నన్ను చూస్తున్నరు కద. మీరే భట్కర్లు కావాలె. ఫోన్ పట్టుకొని వాళ్లింటికి పోండ్రి, ముంగట కూసోపెట్టుండ్రి, ప్రశ్న అడుగుండ్రి. ఒంటరిగ మైకుకు చెప్పమంటే నోరు రానోళ్లు మీరు అడిగితే గంటలు చెప్తరు. కోసుడు, అతుకుడు, ఎక్కిచ్చుడు మీరు చూసుకోండ్రి.

నా సంగతి చెప్పి ముగిస్త. ఎనిమిది రికార్డింగులు తీసేసిన. మిగిలిన మూడింట్ల మొదటిది ఈ ఆదివారం రాత్రి పెడుతున్న. మధ్యల మా గల్లీ కుక్క మొరుగుతది, ఒకకాడ మా అవ్వ "ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా" అని అడుగుతది. తీసేయలె. "వచ్చిన్రు" అన్నకాడ "వచ్చిన్రు" అనే ఉంటది.

వినుండ్రి. తప్పులుంటే తిట్టుండ్రి. తర్వాత మీది పెట్టుండ్రి.

జై భీమ్.