సాఫ్ట్‌వేర్ ఫ్రీ, సరే. నడిపే మనిషేడి?

పోస్టు కొంచెం పొడుగే, ఓపికతో చదవండి.

మన గోదావరిఖనిలో సింగరేణి దవాఖాన కార్మికులకు, వాళ్ల ఇంటోళ్లకు. మిగతావాళ్లకు సర్కారు దవాఖానే దిక్కు. 2022లో రామగుండం మెడికల్ కాలేజీ మొదలైనంక దూరం నుంచి కూడా వస్తున్నరు. గూడెం నుంచి సికిల్ సెల్ ఉన్న పిల్లను తీసుకొచ్చే తల్లి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటది. రక్తం ఎన్నిసార్లు ఎక్కించిన్రు, హైడ్రాక్సీయూరియా ఎంత డోసు, అన్నీ ఆ కవర్లోనే. అది వానకు తడిస్తే మళ్లా మొదటి నుంచి పరీక్షలు.

దీనికి మన ఇంజినీరింగ్ తమ్ముళ్లు చెప్పే మందు ఓపెన్ సోర్స్. "పైసా ఖర్చు లేదన్నా" అంటున్నరు. నాకు ఆ మాటంటేనే భయం. ఖర్చు లేనిది లైసెన్సుకే. సర్వరు, యూపీఎస్, ప్రింటరు, సిబ్బందికి ట్రైనింగు, రాత్రిపూట ఆగిపోతే లేపే మనిషి, వీటన్నిటికీ పైసలు కావాలె. ఫ్రీ అని ఫైల్లో రాసినంక వీటికి బడ్జెట్ ఎవరిస్తరు?

ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది. 1999లో కొందరు డాక్టర్లు కలిసి పెట్టిన్రు. గోండులు, బైగాలు ఎక్కువగా వస్తరు. థాట్‌వర్క్స్ కంపెనీ వాళ్లు ఆ ఆసుపత్రితో కలిసి బహ్మ్ని అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన్రు. పేషెంటు రికార్డుకు ఓపెన్‌ఎంఆర్ఎస్, ల్యాబుకు ఓపెన్‌ఎలిస్, బిల్లులకు ఓడూ, మూడింటిని ఒకదానికొకటి కట్టిన్రు. ఆసుపత్రిలోనే సర్వరు పెట్టుకుంటే ఇంటర్నెట్ పోయినా నడుస్తది. అక్కడ డాక్టర్ల అవసరం చూసి రాసేవాళ్లు దగ్గరున్నరు. అసలు బలం అదే.

ఇంకో కథ మన తెలుగు నేలదే. 2000 ప్రాంతంలో కుప్పంలో పీహెచ్‌సీల లెక్కలకు డీహెచ్ఐఎస్ పెట్టిన్రు. సాఫ్ట్‌వేర్ ఉచితమే, కానీ అప్పట్లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మీద నడిచేది. ఉచితం కింద కొనాల్సింది ఒకటి ఉండనే ఉంది! తర్వాత రాష్ట్రం వేరే సొంత సిస్టమ్ వైపు పోయింది. అదే డీహెచ్ఐఎస్ కొత్త రూపంలో ఇప్పుడు డెబ్బైకి పైగా దేశాల్లో నడుస్తున్నది.

మనకు మాత్రమే తగిలే చిక్కు పేర్లది. మడావి, మాడావి, మడవి. ముగ్గురు ఆపరేటర్లు మూడు తీర్ల కొడితే ఒకే పిల్ల ముగ్గురు పేషెంట్లయితది. లిస్టులో గూడెం పేరు లేకపోతే మండలం పేరు నొక్కి పంపిస్తరు. ఓపెన్ సోర్స్‌లో ఇవన్నీ సరిచేసుకోవచ్చు, కంపెనీ కాళ్లు పట్టుకునే పని లేదు. కాంట్రాక్టు అయిపోయినా డేటా ఆసుపత్రి చేతిలోనే ఉంటది. అందుకే నేను ఓపెన్ సోర్స్ పక్షమే. కానీ సరిచేసే చెయ్యి ఉండాలె కదా.

గుట్టు సంగతి కూడా ఉంది. సికిల్ సెల్ మిషన్ కింద (2023 జూలై 1న షహడోల్‌లో మొదలైంది) 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చెయ్యాలన్నది లక్ష్యం. ఒక ఆడపిల్ల రిపోర్టు కౌంటరు దగ్గర ఎవరంటే వాళ్లు తెరిచి చూస్తే సంబంధం చెడిపోతది. ఎవరు ఏ పేజీ చూడాలో బహ్మ్నిలో కట్టడి పెట్టొచ్చు. అయితే ఒకే పాస్‌వర్డు కాగితం మీద రాసి మానిటరుకు అతికించేచోట ఏ కట్టడీ పనిచెయ్యదు.

కాబట్టి వినతిపత్రం ఇస్తే "సాఫ్ట్‌వేర్ పెట్టండి" అని రాయొద్దు. ఆసుపత్రికి ఇద్దరు సిస్టమ్ మనుషుల పోస్టులు, మొదటి ఏడాది ఓపీ దగ్గర డేటా ఎంట్రీ సాయం, ఈ రెండూ అడుగుదాం. ఓపీలో అంతమందిని చూసే డాక్టరు తానే టైపు చెయ్యమంటే చెయ్యడు, ఆయన తప్పు కూడా కాదు. మంథని జేఎన్టీయూలో, పాలిటెక్నిక్‌లలో చదివే మనోళ్లు బహ్మ్నిని ల్యాప్‌టాప్‌లో వేసుకొని ఇప్పటినుంచే చెయ్యి తిప్పండి. పోస్టు పడ్డనాడు అర్హత మన దగ్గర ఉండాలె.

ఈలోపు ఎవరి మండలం గూడేల పేర్లు, ఇంటిపేర్లు సరైన రాతతో వాళ్లు రాసిపెట్టండి. ఆసిఫాబాద్, తిర్యాణి వైపు తమ్ముళ్లు ముందు మొదలుపెడితే మంచిది, ఎక్కువ తప్పులు పడేది అక్కడి పేర్లకే.