వెనక సీటు వైపు నుంచి ఓ మాట

పాత బండికి కంపెనీ సామాన్లే వెయ్యాలా, బయట అమ్మే పవర్ పెంచే సామాన్లు వెయ్యాలా అన్న చర్చ మొదలవగానే మనం "మనకెందుకులే" అని వంటింట్లోకి వెళ్లిపోతాం. కానీ ఆ బండి వెనక సీట్లో కూర్చునేది మనమే. రాత్రి పదైనా పిల్లాడు ఇంకా రాలేదేమిటని గేటు వైపు చూసేదీ మనమే. అందుకే ఈ సంగతి గురించి నేనూ మాట్లాడదలుచుకున్నాను.

మా ఇంట్లో మామగారి బుల్లెట్ ఉంది. పోత ఇనుము ఇంజను కాలం నాటిది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. 346 సీసీ, 18 హార్స్ పవర్. ఆయన పోయాక మావారు ప్రతి ఆదివారం దాన్ని తుడిచి, ఓసారి స్టార్ట్ చేసి, మళ్లీ గుడ్డ కప్పేస్తారు. ఇంజనీరింగ్ చదువుతున్న మావాడేమో దానికి ఫ్రీ ఫ్లో సైలెన్సర్, శంకు ఆకారంలో బయటికి కనపడే ఎయిర్ ఫిల్టరు వేయిస్తానంటాడు. "నాన్న బండిలో ఒక్క నట్టు మార్చినా ఊరుకోను" అంటారు మావారు. నాకైతే ఇద్దరి వాదనా సగం సగమే నచ్చింది.

కంపెనీ బిగించిందంతా వేదం అనుకోవడం భక్తే గానీ తెలివి కాదు. ఆ బండిలో కాంటాక్ట్ పాయింట్లుంటాయి, మెకానిక్కులు ప్లాటినం పాయింట్ అంటారే, అవి. అరిగే కొద్దీ వాటి మధ్య సందు మారిపోతుంది, నిప్పురవ్వ పడాల్సిన వేళకి పడదు. వానాకాలం పొద్దున్నే మామగారు పదిసార్లు కిక్కు కొట్టి, అరుగు మీద కూలబడి ఆయాసపడటం నేను చూశాను. వాటి బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేస్తే ఆ అరుగుదల గొడవే ఉండదు. తర్వాతి రోజుల్లో కంపెనీవాళ్లు కూడా పాయింట్లు తీసేసి ఆ పద్ధతికే మారారు. కన్నవాళ్లే వదిలేసినదాన్ని మనం పట్టుకు వేలాడటం దేనికి? పాత పాయింట్లు పారెయ్యకుండా ఓ డబ్బాలో దాచుకుంటే సరి.

ఇంకోటి. ఒరిజినల్ అని రాసి ఉన్న ప్రతి డబ్బాలోనూ ఒరిజినలే ఉండదు. కుక్కర్ గాస్కెట్ దగ్గర మోసపోని ఇల్లాలు ఎవరో చెప్పండి! అదే పేరు, అదే అట్టపెట్టె, నెల తిరక్కుండానే పక్కనుంచి ఆవిరి. బండి సామాన్లలోనూ అంతే. పేరున్న మరో తయారీదారు చేసిన మంచి బ్రేకు షూస్, నకిలీ 'ఒరిజినల్' కంటే వెయ్యి రెట్లు నయం.

ఇక మావాడి సంగతి. ఇంజను కూడా పొయ్యిలాంటిదే. గ్యాసుకి గాలి సరిపోకపోతే మంట పసుపు రంగులోకి తిరిగి గిన్నె అడుగు మసిబారుతుంది, మనకి తెలిసిందే. ఇంజనులో దీనికి ఎదురు తిరుగుడు కూడా ఉంది. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే విపరీతంగా వేడెక్కుతుంది. ఫిల్టరూ సైలెన్సరూ మార్చి గాలిని ధారాళంగా వదిలినప్పుడు, కార్బురేటర్లో పెట్రోలు వచ్చే జెట్ కూడా అందుకు తగ్గట్టు మార్చాలి. ఆ పని చెయ్యకుండా ఎండలో లాగించారా, పిస్టన్ పట్టేసినా పట్టేస్తుంది. అన్నీ లెక్కప్రకారం చేయిస్తే పవర్ కొంత పెరుగుతుంది, కాదనను. కానీ ఆ 18 గుర్రాల పక్కన ఇంకో పది గుర్రాలు వచ్చి నిలబడవు. ఎక్కువగా పెరిగేది చప్పుడు. చప్పుడు పెరిగితే బండి దూసుకుపోతున్నట్టు అనిపిస్తుంది, అంతే. పక్కింట్లో చంటిపిల్ల లేచి ఏడుస్తుంది, అది అదనం.

ఒకవేళ నిజంగానే వేగం పెరిగిందనుకోండి. ఆపేది ఎవరు? పాత డ్రమ్ము బ్రేకులు. వాటిని అప్పటి బరువుకీ, అప్పటి వేగానికీ కొలిచి చేశారు. సైలెన్సర్‌కి డబ్బులడిగే పిల్లలు బ్రేకు షూస్‌కి అడగరేం? టైర్లకి అడగరేం? వాడకపోయినా ఏళ్లు గడిస్తే టైరు రబ్బరు ఎండి బీటలిస్తుంది. టైర్లు, బ్రేకులు, కేబుళ్లు, ఇగ్నిషన్, వీటికైతే నా చీటీ డబ్బులిస్తానని మావాడితో చెప్పాను. సైలెన్సర్‌కి పైసా ఇవ్వను.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండేది వేరే ఉంది. మావాడు ముచ్చటపడి చూపించిన మార్పు చేసిన బండ్ల ఫోటోల్లో ఒక్కదానికీ శారీ గార్డు లేదు. వెనక మడ్‌గార్డు కోసేశారు, పట్టుకునే కమ్మీ పీకేశారు. కొన్నిటికి వెనక సీటే లేదు. "లుక్ కోసం అమ్మా" అన్నాడు. చీర కొంగో, చున్నీయో చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? వెనక కూర్చున్న మనిషి బట్టలు చిక్కుకోకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని, చేత్తో పట్టుకోవడానికి పట్టు, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతోంది. మన కోసం రాసిన నియమం అది! అందం పేరుతో ముందు ఊడేది అదే.

అనుమతి లేని మార్పులకి శిక్ష కూడా ఉంది. 2019లో చట్టం సవరించాక, అలాంటి ఒక్కో మార్పుకీ యజమానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యజమాని అంటే ఆర్సీలో పేరున్నవాళ్లు. చాలా ఇళ్లలో అది కొడుకు పేరు కాదు, తండ్రి పేరో, మన పేరో.

మీ ఇంట్లో ఇప్పటికే ఆ గార్డు తీయించేసి ఉంటే, ఇంకా మెకానిక్ షెడ్డులో ఏ మూలో పడి ఉండొచ్చు. పాత ఇనుము కొట్టుకి వెళ్లకముందే అడిగి తెచ్చి బిగించుకోండి.