అక్షరం పోవాలి, రంగు నిలవాలి

రాయ్‌పూర్ తొలుత బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉండేది. 1952లో తూర్పు రైల్వేలోను, 1955లో ఆగ్నేయ రైల్వేలోను, 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేలోను చేరింది. ఊరు ఉన్నచోటనే ఉన్నది. యాజమాన్యాన్ని తెలిపే అక్షరాలు మాత్రం మారుతూ వచ్చాయి. అందుచేత ఆ మార్గపు నమూనా రైలును సమకూర్చుకొనేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. పెట్టె రంగు సరిగానే ఉంటుంది. దానిపై కర్మాగారంలో అచ్చువేసిన అక్షరాలు మరో కాలానివి.

అసలు వ్యాగన్‌కైతే పాత అక్షరాలపై మరొక పూత వేస్తే సరిపోతుంది. 87వ వంతు పరిమాణం గల నమూనాకు ఆ వీలు లేదు. దానిపై మిల్లీమీటరులో పదోవంతు మందం గల పూత, అసలు పెట్టెపై దాదాపు 9 మిల్లీమీటర్ల దళసరికి సమానం. రివెట్లు, అంచులు అందులో మునిగిపోతాయి. కాబట్టి అక్షరాన్ని తొలగించవలసిందే.

అది సాధ్యమే. ఈ అక్షరాలు సాధారణంగా ఆరిన రంగుపై అచ్చువేసిన పలుచని సిరా పొర. కింది రంగు కదలకముందే పై సిరాను మెత్తబరచడమే ఇందులోని కిటుకు.

మొదట పై పెట్టెను చక్రాల చట్రం నుండి విడదీసి, కిటికీ అద్దాలు ఉంటే తీసివేయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పుల్లకు చుట్టిన తెల్లని దూదితో, రంగు వేసిన ఒక మరుగు చోట అద్ది చూడాలి. దూదికి పెట్టె రంగు అంటితే ఆ ద్రవం పనికిరాదు. అంటకపోతే ఒక్క అక్షరంపై అద్ది, నిమిషం ఆగి, మొన అరగదీసిన వెదురుపుల్లతో తేలికగా రుద్దాలి. వెంటనే తడిగుడ్డతో తుడవాలి. ఒకేసారి గట్టిగా రుద్దడం కంటె పదిసార్లు మెల్లగా రుద్దడం మేలు. మొండి అక్షరానికి పెన్సిలు రబ్బరు గాని, నీటిలో తడిపిన 2000 నంబరు గరుకు కాగితం గాని వాడవచ్చు. అసిటోన్, లాకర్ థిన్నర్ మాత్రం తాకరాదు. అవి రంగుతోపాటు పాలీస్టైరిన్ ప్లాస్టిక్కునూ కరిగిస్తాయి. ఆల్కహాల్ త్వరగా అంటుకొంటుంది. గాలి ఆడే గదిలో, నిప్పుకు దూరంగా ఈ పని చేయాలి.

అక్షరం పోయిన చోట కొద్దిపాటి మెరుపు మిగలవచ్చు. పెట్టె అంతటికీ నిగనిగలాడే వార్నిష్ పలుచగా వేసి, కొత్త అక్షరాలు అతికించి, ఆరిన తరువాత మెరుపు లేని వార్నిష్ వేస్తే ఆ జాడ కనిపించదు.

అయితే పని మొదలుపెట్టడానికి ముందే ఏ కాలపు రైలు కావాలో తేల్చుకోవాలి. 1970 నాటి గూడ్సు బండికి ఆగ్నేయ రైల్వే గుర్తే సరైనది. నేటి వ్యాగన్‌కు 11 అంకెల సంఖ్య ఉండాలి. రకం, యాజమాన్య రైల్వే, తయారైన సంవత్సరం అందులోనే ఇమిడి ఉంటాయి. పాత గుర్తును ముందుగా ఫొటో తీసి ఉంచడం మంచిది. కొత్త అక్షరాలను ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. తుడిచివేసిన కర్మాగారపు అచ్చు తిరిగి రాదు.