అన్నముపై పెత్తన మెవరిది?

ఆదవాని మార్కెట్టు యార్డులో పత్తి కాటా కెక్కునప్పుడు రైతు చేతులు కట్టుకొని నిలుచును. ఎమ్మిగనూరు పేటలో చౌకధరల దుకాణముకడ అతని యిల్లాలు సంచి పట్టుకొని నిలుచును. వాని పంటకు వెల కట్టువా రొకరు. ఆమె పొయ్యిమీది కెక్కు గింజ యేదో నిర్ణయించువారు వేరొకరు. ఈ రెండింటియందును ఆ దంపతులకు మాట లేదు. పశ్చిమ కర్నూలున లేనిది వాన యొక్కటేయని పెద్దలు చెప్పుదురు. మే మొప్పుకొనము.

ధాతకరవు నెరుగని యిల్లు మన సీమలో లేదు. నాడు ఆదవాని బళ్లారి మండలములోనిది. ఆ కరవు 1876లో వచ్చుటకు మునుపే, 1871 నాటికే, మదరాసునుండి రాయచూరునకు ఇనుపదారి మన యూరిమీదుగ సాగెను. గింజకు దారి యుండెను. జనుల ప్రాణములు మాత్రము నిలువలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ దొర కరవుపని చేయు కూలివానికి దినమున కొక పౌను గింజయు, స్వల్పముగ రొక్కమును చాలునని నిర్ణయించెను. ఆ తిండితో కష్టము చేయువాడు బ్రతుకజాలడని మదరాసు ఆరోగ్యశాఖాధిపతి డాక్టరు కార్నిష్ వాదించెను. వాదించినవా డొక దొర, కాదన్నవా డొక దొర. గమెళ మోయు కూలివాని నడిగినవారు లేరు. అంతకు పదేండ్లుముందు, 1866 కరవున, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ సొమ్ముతో అన్నార్తులకు గంజి పోయించిరి. ఆ మహానుభావునికి నమస్కరింతుము. కాని యొకరి దయ మరియొకరి హక్కు కాజాలదు.

స్వరాజ్యము వచ్చినది. ఓటును, నోరున్న పత్రికయు నున్నచోట అట్టి మహాక్షామము రాదని అమర్త్య సేన్ గారు వ్రాసిరి. నిజమే, రాలేదు. అయినను చావకుండుట వేరు, తన యన్నమును తా నేలుకొనుట వేరు.

చట్ట మేమనుచున్నదో చూతము. 1992లో జరిగిన 73వ సవరణమువలన రాజ్యాంగమునకు పదునొకండవ షెడ్యూలు చేరినది. పంచాయతీల కప్పగింపదగిన 29 విషయము లందు గలవు. వ్యవసాయము మొదటిది, సంతలు 22వది, ప్రజాపంపిణీ 28వది. కాని రాష్ట్ర శాసనసభలు వీని నప్పగింప‘వచ్చును’ అనియే గాని ‘వలెను’ అని వ్రాయబడలేదు. ఈ ‘వచ్చును’ అను మూడక్షరముల చాటున మూడు దశాబ్దములుగ ప్రభుత్వములు దాగియున్నవి. ఏ పక్షమువారైనను సరే, ఈ చాటు వారి కిష్టమే.

మార్కెట్టు కమిటీలనే తీసికొందము. 1966 నాటి చట్టము క్రింద నడచు ఈ కమిటీల సభ్యులను ప్రభుత్వమే నియమించును. రాజధానిలో గద్దె మారిన, ఇచ్చట కమిటీయు మారును. కాటా తప్పెనా, తరుగు పేర నాలుగు కిలోలు పోయెనా, రైతు ఎవరిని ప్రశ్నింపవలయును? తా నెన్నుకొనని యధ్యక్షునా? హమాలీల మాట చెప్పనేల! ఇదే ప్రభుత్వము 1997లో శాసనము చేసి నీటిసంఘములకు రైతులచేత ఎన్నికలు జరిపించెను. తుంగభద్ర దిగువకాలువ నీటిని పంచుకొనుటకు ఓటు వేయదగిన రైతు, ఆ నీటితో పండిన వేరుసెనగ నమ్ముచోట ఓటునకు తగడా? ఈ తర్కము మాకు బోధపడలేదు.

‘ఎన్నికలు పెట్టిన యార్డులోనికి గ్రామకక్షలు వచ్చు’నని కొందరు బుద్ధిమంతుల యాక్షేపణ. నియామకముతో కక్ష పోవుచున్నదా? గెలిచిన కక్షకు పీట వేయబడుచున్నది, అంతే. మనవారికి సంఘము నడుపుట చేతగాదనువారు ఎమ్మిగనూరునకు పోయి చూడవలయును. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారిని కూర్చి సహకారసంఘము స్థాపించిరి. నూలుకును కూలికిని షావుకారి గుమ్మము త్రొక్కిన నేతగాడు అందు భాగస్వామి యయ్యెను. మగ్గమున సాగినది మండీలో ఏల సాగదు?

ఇక గింజ మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు పేదల పొయ్యి వెలిగెను. ఆ మేలును మరచుట కృతఘ్నత. కాని మన నల్లరేగడి జొన్నకు పుట్టినిల్లు. నేలలో మిగిలిన చెమ్మతోనే పండును. గింజ మనిషికి, చొప్ప యెద్దుకు. రేగడి నుండి జొన్నను పత్తి తరిమినది. విస్తరినుండి బియ్యము తరిమినది. 2013 ఆహారభద్రతా చట్టము బియ్యము, గోధుమలతోపాటు ముతకధాన్యముల నిచ్చుటకును వీలు కల్పించినది. మా యూరికి జొన్న యీయుడు, దానిని మా యూరి రైతుకడనే కొనుడు అని తీర్మానించు అధికారము గ్రామసభ కుండిన నేల బాగుపడును, రైతునకు నమ్మకమైన బేరము దొరకును. అట్లు జరుగుట లేదు. 2021లో ఇంటింటికి బియ్యపు బండ్లు వచ్చినవి. 2025 జూనులో బండ్లు పోయి దుకాణములు మరల వచ్చినవి. రెండు నిర్ణయములును రాజధానిలోనివే.

ఆ చట్టమే దుకాణమునకొక నిఘా కమిటీని, సామాజిక తనిఖీని విధించుచున్నది. ఇంటి యాడుదానినే రేషన్ కార్డునకు యజమానురాలిగ గుర్తించుచున్నది. మే మడుగున దేమన, కాగితముమీది ఆ యజమానురాండ్రే సభలో చేయెత్తి నిఘా కమిటీ నెన్నుకొనవలయును; వచ్చిన బస్తాలెన్ని, పంచిన వెన్ని యను లెక్క వారి యెదుట బిగ్గరగ చదువబడవలయును. ఉపాధిపనుల లెక్కలను ఊరి నడుమ చదివించు తనిఖీని 2006లో ఆరంభించినది మన రాష్ట్రమే. బియ్యపు లెక్కకు అంత గుట్టేల?

ఒక్క చిక్కు కలదు. ఆదవాని, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల కూలీలు కోతలకాలమున గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవుదురు. తాళమువేసిన యిండ్ల నడుమ సభ జరిపి ‘ఏకగ్రీవము’ అని వ్రాసికొనుట వంచన. సుగ్గికి పోయినవారు ఉగాదికి తిరిగివచ్చిన పిమ్మటనే ఈ సభలు జరుగవలయును. పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులు ఆ దినమున తమ గ్రామములకు పోయి, దుకాణపు నిఘా కమిటీలో ఎవరున్నారో, వారి నెవ రెన్నుకొనిరో వ్రాతమూలకముగ నడుగుదురుగాక. వచ్చిన ప్రత్యుత్తరములను, ప్రత్యుత్తరము రాని గ్రామముల పేళ్లను గూడ, ఈ పుటయందే ప్రకటింతుము.