యంత్రం మనింట్లో, స్విచ్చు వాళ్ళ చేతిలో

2025 జనవరిలో లాస్ వెగాస్ లో జరిగిన సీఈఎస్ కి వెళ్ళొచ్చాను. అదేనండీ, కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ షో. నాలుగున్నర వేల కంపెనీలు, లక్షా నలభై వేల మంది జనం. వెళ్ళొచ్చిన మనవాళ్ళంతా గోడంత టీవీ ముందు నిలబడ్డ ఫోటోలు పెడతారు. నేనూ తీసుకున్నాను, అబద్ధమెందుకు. కానీ తిరుగు విమానంలో ఆ ఫోటోలు చూస్తుంటే సంతోషం బదులు కోపం వచ్చింది. ఆ కోపం ఎందుకో చెప్పాలని ఇది రాస్తున్నా.

ముందు సొరంగం సంగతి. కన్వెన్షన్ సెంటర్ లో ఒక హాలు నుంచి ఇంకో హాలుకి నడవలేక కాళ్ళు పీకేవాళ్ళ కోసం 'లూప్' అని ఒకటుంది. భూమిలో నలభై అడుగుల కింద సొరంగం, గోడలకి రంగురంగుల లైట్లు, అందులో టెస్లా కార్లు. బయట హాల్లో తనంతట తాను నడిచే బళ్ళ గురించి చెవులు చిల్లులు పడేలా చెప్తున్నారా, ఇక్కడ మాత్రం ఒక్కో కారుకి ఒక్కో డ్రైవరు! వీడియో తీసి బాపుకి పంపాను. నేను పెరిగింది రామగిరి మండలం సెంటినరీ కాలనీలో. బాపు ముప్పయ్యేళ్ళు బొగ్గు బాయిలో దిగినోడు. వీడియో చూసి ఆయన అడిగినవి రెండే: "గాలి ఎటుకెంచి అస్తది బిడ్డా? రెండో తొవ్వ ఉన్నదా?"

గనికి బయటపడే దారులు కనీసం రెండుండాలన్నది చట్టం. అందుకే ఆయనకి లైట్ల కన్నా ముందు అది గుర్తొచ్చింది. నాలుగు రోజులు ఆ షోలో తిరిగాను కదా, లక్షా నలభై వేల మందిలో ఇలాంటి ప్రశ్న అడిగినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. అందరూ అడిగేది ఒకటే, "మార్కెట్లోకి ఎప్పుడొస్తుంది?"

ఇంతకీ అక్కడ ఏం చూశాను? కూరలో మసాలా కొలిచి వేసే ఏఐ డబ్బా చూశాను. నేల మీది సాక్సు ఎత్తి పక్కన పెట్టే చెయ్యి ఉన్న వాక్యూమ్ క్లీనర్ చూశాను. ఉప్పు తక్కువేసినా ఉప్పగా అనిపించేలా చేసే కరెంటు చెంచా చూశాను (నవ్వకండి, బీపీ ఉన్నవాళ్ళకి అది నిజంగా పనికొచ్చేదే). జాన్ డీర్ వాళ్ళు డ్రైవర్ లేని డంపర్ పెట్టారు. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను, ఎందుకంటే మా ఓసీపీల్లో డంపర్ తోలి ఇల్లు నడుపుకునేవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

ఆ రాత్రి ఫోన్లో ఇవన్నీ వర్ణించి చెప్తే బాపు అన్నీ విని, "ఎన్నేండ్లు అస్తది? ఖరాబైతే ఖనిల ఎవడు బాగుజేస్తడు? కరెంటు పోతే ఏం జేస్తది?" అన్నాడు. మర్నాడు ఈ మూడు ప్రశ్నలూ పట్టుకుని స్టాళ్ళ చుట్టూ తిరిగాను. నవ్వారు, బ్రోచర్ ఇచ్చారు, టీ షర్టు ఇచ్చారు. జవాబు మాత్రం ఇవ్వలేదు.

ఎందుకివ్వరో మనకి తెలుసు. ఆ వస్తువుల్లో చాలావాటికి బుర్ర వాటిలో ఉండదు, కంపెనీ సర్వర్లో ఉంటుంది. సర్వర్ ఆగితే వస్తువు బొమ్మ. హ్యూమేన్ వాళ్ళ ఏఐ పిన్ సంగతి చూడండి (అది ఈ షోలోది కాదు, కానీ జాతి ఒకటే). 2024లో 699 డాలర్లకి అమ్మారు. 2025 ఫిబ్రవరి 28న సర్వర్లు ఆపేశారు. ఏడాది కూడా నిండలేదు! కూరీ అనే ఇంటి రోబోని 2017 సీఈఎస్ లో చూపించారు, ముందస్తు డబ్బులు తీసుకున్నారు, 2018లో దుకాణం కట్టేసి డబ్బులు వెనక్కిచ్చారు. శాంసంగ్ వాళ్ళ బంతి రోబో బాలీ 2020లో దర్శనమిచ్చింది, 2024లో మళ్ళీ వచ్చింది, 2025లో "ఈ ఏడే అమ్ముతాం" అన్నారు. ఆ ఏడూ గడిచిపోయింది, అది అమ్మకానికి రాలేదు.

ఇక్కడ ఒకరు లేస్తారు, నాకు తెలుసు. "1970లో వీసీఆర్, 1981లో సీడీ ప్లేయర్ కూడా ఈ షోలోనే కదా జనానికి కనిపించాయి! కొత్తదేదైనా మొదట్లో పిచ్చిగానే ఉంటుంది" అని. అయ్యా, నేను పిచ్చిగా ఉందనడం లేదు. వీసీఆర్ కొన్నవాడు దాని యజమాని. తయారుచేసిన కంపెనీ మూతపడినా ఊళ్ళో మెకానిక్ బతికున్నంతకాలం అది నడిచేది. మా చిన్నప్పటి టేప్ రికార్డర్ మూడుసార్లు చచ్చి మూడుసార్లు బతికింది. ఇప్పుడు యంత్రం మనింట్లో ఉంటుంది, స్విచ్చు వాళ్ళ చేతిలో ఉంటుంది. నా గొడవంతా ఆ ఒక్క తేడా గురించే.

బాపు నెత్తిన వెలిగిన క్యాప్ ల్యాంపు కూడా ఎలక్ట్రానిక్ వస్తువే. షిఫ్టు మొత్తం వెలగాలి, మధ్యలో ఆగకూడదు, మీథేన్ ఉన్నచోట నిప్పురవ్వ పుట్టించకూడదు. ధన్ బాద్ లోని గనుల భద్రతా డైరెక్టరేట్, డీజీఎంఎస్, ఆమోదించనిదే అలాంటి దీపం గనిలోకి దిగదు. మన జేబులో సెల్ ఫోన్ ని అసలు దిగనివ్వరు. ఇన్ని నిబంధనలున్నా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. 2003 జూన్ లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళొచ్చి పదిహేడు మంది పోయారు. 2022 మార్చిలో మా మండలంలోనే అడ్రియాల లాంగ్ వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. నిబంధన ఉంటే చావు రాదని కాదు. ప్రమాదం జరిగితే విచారణ ఉంటుంది, జవాబు చెప్పాల్సినవాడంటూ ఒకడుంటాడు. వెగాస్ లో ఆ జవాబు చెప్పాల్సినవాడు ఎవడు? పిల్లల గదిలో కెమెరా పెట్టుకుని తిరిగే రోబోకి పూచీ ఎవరిది?

ఇంకో మాట. షో మొదలయ్యే ముందు రాత్రి ఎన్ విడియా అధినేత జెన్సెన్ హువాంగ్ తోలు జాకెట్టేసుకుని ఆర్టీఎక్స్ 5090 కార్డు చూపించాడు. ధర 1999 డాలర్లు, కరెంటు 575 వాట్లు. మన దేశంలో బొగ్గుతో తీసే ఒక యూనిట్ కరెంటుకి సుమారు ఏడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే ఆ కార్డు ఇక్కడ బొగ్గు కరెంటు మీద గంటసేపు నిండుగా తిరిగితే నాలుగు వందల గ్రాములు. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల పాత ప్లాంటుకి వెళ్ళే బొగ్గు మా చుట్టుపక్కల గనులదే. స్విచ్చు వాళ్ళది, బొగ్గూ బూడిదా మావి. స్టేజీ మీద ఈ లెక్క చెప్పిన నాథుడు లేడు.

సరే, వాళ్ళని తిట్టడం తేలికే. మన సంగతేంటి? ఆ స్టాళ్ళలో తెలుగు ఎంత వినపడిందనుకుంటున్నారు! ఆ సర్వర్లు రాసేది మనం, ఆపేసే కోడ్ రాసేదీ మనమే. ఇప్పుడు నా పాపం చెప్తాను. రెండో రోజు మా కంపెనీ స్టాల్లో నెట్ సరిగ్గా రాలేదు. 'లైవ్' అని బోర్డు పెట్టి, ముందురోజు రికార్డ్ చేసిన వీడియో నడిపించాం. దానికి స్క్రిప్టు రాసింది నేనే. జనం చప్పట్లు కొట్టారు. మా మేనేజరు భుజం తట్టాడు. "అందరూ చేసేదే" అన్నాడు. నిజమే, అందరూ చేసేదే. గనిలో గాలి పరీక్షించకుండా పుస్తకంలో 'సరిగానే ఉంది' అని రాసేవాణ్ణి ఏమంటాం? నేను చేసింది దానికి చిన్న తమ్ముడే.

అడగాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎన్నేళ్ళు నడిపిస్తారో డబ్బా మీద అచ్చు వేయండి. సర్వర్ ఆపితే వస్తువు నెట్ లేకుండా నడిచేలా తాళం తీసి ఇవ్వండి. విడిభాగాలు దొరకనివ్వండి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. బ్రిటన్ లో 2024 ఏప్రిల్ 29 నుంచి నెట్ కి తగిలించే వస్తువులు అమ్మేవాళ్ళు కనీసం ఎప్పటిదాకా సెక్యూరిటీ అప్డేట్లు ఇస్తారో చెప్పి తీరాలన్న చట్టం అమల్లోకొచ్చింది. మన దగ్గర కూడా రిపేర్ కి ఎంత అనువుగా ఉందో చెప్పే సూచిక గురించి ఒక కమిటీ 2025లో కేంద్రానికి నివేదిక ఇచ్చింది. అది అటకెక్కకుండా అడగాల్సింది మనలాంటివాళ్ళే, ఎందుకంటే లోపల ఏముందో తెలిసింది మనకే.

చట్టం వచ్చేలోగా మన చేతిలో ఉన్నది ఒకటుంది. తర్వాతి డిజైన్ మీటింగులో ఒక్కరైనా చెయ్యెత్తి "మన సర్వర్ ఆగిపోతే కొన్నవాడి గతేంటి?" అని అడగండి. నేను ఈ మధ్య అడిగాను. గదిలో ఒక నిమిషం నిశ్శబ్దం. తర్వాత "మంచి ప్రశ్న, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు. మళ్ళీ అడుగుతాను.

అన్నట్టు బాపుకి వెగాస్ నుంచి ఏం తెచ్చానో చెప్పలేదు కదూ. ఒక టార్చి లైటు. యాప్ లేదు, అకౌంట్ లేదు, స్విచ్చు దాని మీదే ఉంది. రెండుసార్లు వేసి ఆర్పి, "ఇది మంచిగున్నది" అన్నాడు.