బెల్‌గ్రేవ్ దొరకి ఓటేసిందెవరు?

ఇక్కడ శుక్రవారం నలుగురు తెలుగువాళ్లం కలిస్తే చాలు, ఈ మాట వచ్చి తీరుతుంది: "ఈ రాజకీయ నాయకుల్ని పక్కన పెట్టి, దేశాన్ని ఓ పదిమంది ఐఏఎస్‌లకి, మంచి కన్సల్టెంట్లకి అప్పజెప్తే పదేళ్లలో బాగుపడుతుందండీ!"

నేనూ కన్సల్టెంటునే. కంప్యూటర్ సైన్సులో మాస్టర్సు వెలగబెట్టినవాణ్ణే. అయినా ఈ మాట నాకు మింగుడుపడదు. ఎందుకంటే ఆ ప్రయోగం మనం పొట్టపోసుకుంటున్న ఈ బహ్రెయిన్‌లోనే ఒకసారి జరిగిపోయింది.

1925లో లండన్ 'టైమ్స్' పత్రికలో ఓ ఉద్యోగ ప్రకటన పడింది. అది చూసి దరఖాస్తు పెట్టుకున్న చార్లెస్ బెల్‌గ్రేవ్, 1926లో పాలకుడికి సలహాదారుగా మనామాలో దిగాడు. పేరుకే సలహాదారు. ఖజానా ఆయన చేతిలో, పోలీసులు ఆయన కింద, కోర్టులో కూర్చుని తీర్పు చెప్పేదీ ఆయనే. ఇలా 1957 దాకా, 31 ఏళ్లు!

పని చేతకానివాడా అంటే, కానే కాదు. బడులు, కరెంటు, ముత్యాల వేటకెళ్లేవాళ్ల అప్పులకి లెక్కాపత్రం, 1932లో చమురు పడ్డాక వచ్చిన డబ్బుకి బడ్జెట్టు... ఆయన హయాంలో చాలానే జరిగాయి. మనవాళ్లు కలగనే "సమర్థుడైన అధికారి" అచ్చం ఇలాగే ఉంటాడు.

మరి గొడవెక్కడొచ్చింది? 1954లో సున్నీలు, షియాలు కలిసి ఓ కమిటీ పెట్టుకుని ఎన్నికైన శాసనసభ, రాతపూర్వక చట్టాలు, కార్మిక సంఘాలు కావాలన్నారు. 1956 మార్చిలో మనామా బజారులో పోలీసులు కాల్చితే జనం చచ్చిపోయారు. ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి? పోలీసుల పెద్దా ఆయనే, ప్రభుత్వమూ ఆయనే. దొరని తీసేయమన్నారు. ఆ ఏడాది చివరికల్లా కమిటీ నాయకులు జైల్లో ఉన్నారు. ముగ్గుర్నైతే నెపోలియన్‌ని ఉంచిన సెయింట్ హెలీనా దీవికి పంపేశారు. దొరని దింపడానికి ఓటు లేదు కాబట్టే జనం వీధిన పడాల్సొచ్చింది.

ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. మెకిన్సీ సాయంతో తయారైన 'విజన్ 2020'ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో తెచ్చింది. నచ్చినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. 2004లో ఓటర్లు చంద్రబాబుని దింపేశారు. 2014లో ఎక్కించారు, 2019లో మళ్లీ దింపారు, 2024లో మళ్లీ ఎక్కించారు. ఇందులో ఏది తప్పో ఏది ఒప్పో మనం రాత్రంతా వాదించుకోవచ్చు. ఒక్క మనిషీ సెయింట్ హెలీనాకి పోకుండా పనైపోయింది, అదీ విశేషం.

"నాయకులు లంచగొండులు కదా?" అంటారు. నిజమే. లంచగొండిని అయిదేళ్లకి దింపొచ్చు. నిజాయితీపరుడైన అధికారి తప్పు చేస్తే ఏ ఎన్నికలో దింపుతారు?

మన వృత్తిలో ఎంత గొప్ప ఆర్కిటెక్టు రాసిన ప్రోగ్రామైనా, వాడేవాడు పరీక్షించి సరేనంటేనే పని అయినట్టు. వాడికి కోడు రాయడం రాకపోవచ్చు, ఎక్కడ నొప్పిగా ఉందో మాత్రం వాడికే తెలుసు. జీతాల సాఫ్ట్‌వేరుకి ఉన్నపాటి నియమం దేశానికి అక్కర్లేదా?

నిపుణుల్ని పిలవండి, దండిగా జీతమివ్వండి, చెప్పింది వినండి. ఆఖరి సంతకం మాత్రం వాళ్ల చేతికివ్వకండి, నాతో సహా.