ఇండికేటర్ నాడి పట్టండి

వానాకాలం వస్తే చాలు, కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, బండి ఇండికేటర్ పిచ్చి పట్టినట్టు కొట్టుకుంటోంది. ఫ్లాషర్ మార్చేయనా?"

ఆగండి. జేబులో చెయ్యి పెట్టేముందు ఒక్క నిమిషం ఆ లైటును చూడండి. మామూలుగా అది నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగి ఆరాలి. ఆ లయ ఎలా తప్పిందో చూస్తే జబ్బు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

ఒక పక్కే తేడానా? ఎడమ బాగుండి, కుడి మాత్రం గబగబా కొట్టుకుంటే ఫ్లాషర్ మంచిదే. రెండు పక్కలకీ ఉన్నది అదొక్కటే కదా! కుడి పక్క బల్బు ఒకటి పోయి ఉంటుంది, లేదా ఎర్త్ అందట్లేదు. కొన్ని పాత బండ్లలో ఇదే తేడాకి లైటు వెలిగి అలాగే నిలబడిపోతుంది. మా బాబాయి కొడుకు బండి చూసి ఒక మెకానిక్ "వైరింగ్ మొత్తం మార్చాలి" అన్నాడు. తీరా చూస్తే వెనక మడ్‌గార్డు కింద ఎర్త్ వైరు బోల్టుకు తుప్పు. విప్పి, ఎమ్రీ పేపర్‌తో గీకి బిగించాం. పైసా ఖర్చు కాలేదు.

రెండు పక్కలా వెలగట్లేదా? హారన్ కొట్టండి. అదీ మూగబోతే ముందు బ్యాటరీ, ఫ్యూజు చూడండి. హారన్ మోగుతుంటే, ఇండికేటర్ స్విచ్ వేసి ఫ్లాషర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టండి. కరెంటు లోపలికి వచ్చి బయటికి పోకపోతే, అప్పుడు ఫ్లాషర్ మార్చండి. బయటికీ వస్తుంటే హ్యాండిల్ మీది స్విచ్‌ని అనుమానించండి.

హ్యాండిల్ తిప్పినప్పుడల్లా వెలిగి ఆరుతోందా? మెడ దగ్గర వైరు మడతపడి లోపల తెగి ఉంటుంది. పై తొడుగు బాగుందని మోసపోకండి.

ఇక మనవాళ్ల స్పెషల్, ఎల్‌ఈడీ. 10 వాట్ల బల్బు తీసి ఒకటి రెండు వాట్లది పెడతారు. లోడు తగ్గేసరికి ఫ్లాషర్ బల్బు పోయిందనుకుని పరుగందుకుంటుంది. రెసిస్టర్ వేస్తే లయ కుదురుతుంది గానీ అది బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కి ఆనితే కరిగిస్తుంది. ఎల్‌ఈడీకి సరిపోయే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేసుకోవడమే మేలు. అది వేశాక కూడా ఎడమ నొక్కితే నాలుగూ వెలుగుతున్నాయా? మీటర్‌లో రెండు పక్కలకీ కలిపి ఒకే బల్బు ఉన్న బండ్లలో కరెంటు దాని గుండా అవతలికి దూరుతుంది. అక్కడ రెండు డయోడ్లు వేయిస్తే ఆగిపోతుంది.

ఒక్క మాట. వైరు కోసినా, అతికినా ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఫ్యూజు పోయిందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టొద్దు. వైరింగే కాలిపోతుంది.

పగలైతే చెయ్యి చాపి ఎలాగోలా నెట్టుకురావచ్చు. రాత్రి హైవే మీద యూటర్న్ దగ్గర మీ చెయ్యి వెనక లారీవాడికి కనబడదు. అందుకే చీకటి పడకముందే చూసుకోండి.